అగ్గిపెట్టె అట్ట

మా ఇంట్లో కోపం మొత్తం నాకే రాసిచ్చేశారు. మా అన్న వాటా, వదిన వాటా, ఆఖరికి మా ఆవిడ వాటా కూడా నా ముక్కు మీదే కూర్చుంటాయి. అందుకే ఈ సంగతి చెప్పడానికి నాకంటే తగినవాడు లేడు. తప్పు చేసింది నేను, ఇల్లెగిరిపోయేలా అరిచింది నేను, చివరికి నోరు మూసుకున్నదీ నేనే. నోరు మూసుకోవడం నాకు అలవాటు లేని పని కాబట్టి అది బాగా గుర్తుండిపోయింది.

మాది రైఫిళ్ళ పని. పోటీలకి వెళ్ళే క్లబ్బువాళ్ళు తెచ్చిచ్చే రైఫిళ్ళు బాగుచేస్తాం. ఇంటి ముందు గదే మా షాపు. తలుపు తీయగానే ఎడమ పక్క నా లేతు మెషీను, కుడి పక్క అన్న బల్ల, దాని మీద వరసగా ఉలులు. కిటికీ కింద, వెలుతురు తిన్నగా పడే చోట, వదిన చిన్న బల్ల. ఉక్కు పని నాది, చెక్క పని అన్నది. వదినది మెరుగు పని. అంటే అన్న చెక్కిన కర్రకి నూనె పట్టించి, గుడ్డతో రుద్ది రుద్ది నిగనిగలాడించడం. ఇరవై రెండేళ్ళుగా షాపుకి వచ్చినవాళ్ళందరికీ నేను చెప్పిన మాట ఇదే.

రైఫిల్ అంటే చాలామంది బ్యారెల్ ఒక్కటే చూస్తారు. బ్యారెల్‌దేముంది, అది ఉక్కు, మాట వింటుంది. కింద ఉన్న చెక్కే మాట వినదు. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది. తూటా పేలినప్పుడు ఉక్కు వెనక్కి తన్నుతుంది. తన్నాక మళ్ళీ చెక్కలో అదే చోట, అదేలా, వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి. ఎక్కడా ఊగకూడదు, ఎక్కడా వంగకూడదు. అలా కూర్చోవడానికి చెక్కలో చేసే ఏర్పాటునే బెడ్డింగ్ అంటారు. మా ఇంట్లో మాత్రం పరుపు అంటాం. ఆ మాట వదినదే. "నీకు పరుపు సరిగ్గా లేకపోతే నిద్ర పడుతుందా? దానికీ అంతే," అంటుంది.

అన్న పోయి రెండేళ్ళయింది. ఆయన చేసిన రైఫిళ్ళలో మేం ఎవరికీ ఇవ్వకుండా ఇంట్లో ఉంచుకున్నది ఒక్కటే. పెళ్ళైన ఏడాది అక్రోటు చెక్కతో చేశాడు. వంద మీటర్ల దూరంలో ఐదు తూటాలు కాలిస్తే ఆ ఐదు చిల్లుల్నీ ఒక్క నాణెం కింద దాచేయవచ్చు. చుట్టుపక్కల ఏ క్లబ్బులో చెక్క పని మాట వచ్చినా నేను ఆ రైఫిల్ గురించే చెప్పేవాణ్ణి. "మా అన్న చేతి పరుపు, తిరుగులేదు," అనేవాణ్ణి. వింటున్నవాళ్ళు ఆవలిస్తున్నా ఆపేవాణ్ణి కాదు.

ఇప్పుడు ఆ రైఫిల్ మా అమ్మాయి చేతిలో ఉంది. పంతొమ్మిదేళ్ళది, పిట్టంత మనిషి, అందుకే అందరూ పిచ్చుక అంటారు. అన్న బతికుండగానే దాని భుజానికి సరిపోయేలా కర్ర వెనక భాగం కోసి కురచ చేశాడు. ఆదివారం నాడు జూనియర్ జట్టు ఎంపిక. ముగ్గురిని తీసుకుంటారు. వయసు ప్రకారం పిచ్చుకకి ఇదే ఆఖరి అవకాశం. ఏ రైఫిల్ పేరు రాసిచ్చామో ఆ రైఫిల్‌తోనే కాల్చాలి.

ఇక నా నిర్వాకం వినండి. ఎంపికకి వారం ముందు వదిన వాళ్ళ అక్కగారింటికి వెళ్ళింది. వానలు మొదలయ్యాయి కదా, రైఫిల్ ఒకసారి విప్పి శుభ్రం చేద్దామనిపించింది నాకు. కింద ఉన్న రెండు స్క్రూలు తీసి ఉక్కుని చెక్కలోంచి పైకెత్తాను. దాన్ని నేను విప్పడం అదే మొదటిసారి. చెక్క గాడిలో, వెనక స్క్రూ దగ్గర, నూనె పీల్చి నల్లబడ్డ చిన్న అట్ట ముక్క ఒకటి కనిపించింది. అగ్గిపెట్టెది. మధ్యలో స్క్రూ పట్టేంత చిల్లు కూడా ఉంది. ఎలకో పురుగో చేసిందనుకున్నాను. "చూడు, అన్న రైఫిల్లో చెత్త! నువ్వు దీన్ని ఎంత బాగా చూసుకుంటున్నావో దీన్ని చూస్తేనే తెలుస్తోంది," అని పిచ్చుకకి అరగంట శుభ్రత గురించి పాఠం చెప్పి, ఆ ముక్కని చెత్తబుట్టలో పడేశాను. గాడి అంతా మెత్తటి గుడ్డతో తుడిచి, స్క్రూలు గట్టిగా బిగించాను. మనసు హాయిగా ఉండింది.

సోమవారం పొద్దున కాల్పుల సాధనకి రేంజికి వెళ్ళాం. మొదటి ఐదు తూటాలకి కాగితం మీద అరచెయ్యంత మేర చిల్లులు పడ్డాయి. రెండో ఐదు ఇంకా దూరం పోయాయి. నాణెం కాదు, పళ్ళెం పెట్టినా దాగేలా లేవు.

"ఊపిరి బిగబట్టావా?" అన్నాను.

"బిగబట్టాను నాన్నా."

"ట్రిగ్గర్ ఒక్కసారిగా గుంజేశావేమో."

"గుంజలేదు నాన్నా. రైఫిల్ ఎటో వెళ్ళిపోతోంది."

"రైఫిల్ వెళ్ళదు! మీ పెదనాన్న చేతి రైఫిల్ అది! నీ చెయ్యే సరిగ్గా లేదు!"

పక్క వరసల్లో వాళ్ళు తలలు తిప్పి చూశారు. పిచ్చుక రైఫిల్ పెట్టెలో పెట్టుకుంది. దారి పొడుగునా బస్సు కిటికీలోంచి బయటికే చూసింది. దాని కళ్ళు ఎర్రగా ఉన్నాయని తెలిసి కూడా నేను ఒక్క మాట మంచిగా అనలేకపోయాను. దానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

మేం ఇంటికి చేరేసరికి వదిన వచ్చేసి ఉంది. సంచీ ఇంకా సర్దలేదు, టీ గ్లాసు చేతిలోనే ఉంది. పిచ్చుక ముఖం చూసింది, నా ముఖం చూసింది, చిల్లులు పడ్డ కాగితం తీసుకుని కిటికీ దగ్గర పెట్టి చూసింది.

"రైఫిల్ ఇటియ్యి," అంది.

దాన్ని తన బల్ల మీద మెత్తటి దిండ్ల మధ్య పడుకోబెట్టింది. బ్యారెల్, చెక్క కొస కలిసే చోట ఎడమ చేతి చూపుడు వేలు ఆనించింది. సగం వేలు ఉక్కు మీద, సగం చెక్క మీద. కుడి చేత్తో వెనక స్క్రూని పావు తిప్పు వదులు చేసింది, మళ్ళీ బిగించింది. కళ్ళు మూసుకుంది. మళ్ళీ వదులు, మళ్ళీ బిగింపు.

"కదులుతోంది," అంది. "బిగిస్తే ఉక్కు వంగుతోంది. వెనక అట్ట లేదు. ఎవరు తీశారు?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక గుండె గుభేలుమంది. గుభేలుమన్నప్పుడు నేను చేసే పని ఒక్కటే, అరవడం.

"అన్న పరుపులో అగ్గిపెట్టె ముక్క పెట్టింది నువ్వా? ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు? ఆయన పరువు ఏం కావాలి?"

"ఇరవై రెండేళ్ళు ఎవరూ చూడలేదుగా. చూసినవాడివి నువ్వొక్కడివే. నువ్వూ చెత్తనుకున్నావు," అంది వదిన. టీ తాగడం పూర్తి చేసింది. "మీ అన్నయ్య అది చెక్కింది పెళ్ళైన కొత్తలో. నాకు చూపిద్దామని తొందరపడ్డాడు. వెనక ఒక్క ఉలి దెబ్బ ఎక్కువ పడింది. అగ్గిపెట్టె అట్టంత లోతు. అంతే."

"అబద్ధం," అన్నాను.

వదిన నావైపు చూసి ఊరుకుంది. ఆవిడతో వచ్చే చిక్కే అది. ఎదురు తిరిగితే నాలుగు మాటలు అనవచ్చు. ఊరుకుంటే ఏం చేస్తాం?

విసురుగా వెళ్ళి నా డయల్ గేజి తెచ్చాను. గడియారం ముఖం లాంటి కొలిచే పరికరం అది. సూది ఒక గీత కదిలితే మిల్లీమీటరులో వందో వంతు. దాన్ని బ్యారెల్‌కి నిలువునా బిగించి, కింది మొన చెక్క కొసకి ఆనించి, వెనక స్క్రూ తిప్పాను. రెండు మూడు గీతలు కదిలితే ఫరవాలేదు. ముప్ఫై ఒక్క గీతలు కదిలింది. నాకు నమ్మబుద్ధి కాక ఇంకోసారి తిప్పాను. ముప్ఫై ఒకటే.

"ఎంత?" అంది వదిన కిటికీ దగ్గరి నుంచి.

"ముప్ఫై ఒకటి."

"ముప్ఫై అనుకున్నాను," అంది.

ఆ వేలికీ నా గేజికీ తేడా ఒక్క గీత! ఇన్నేళ్ళు పక్క పక్క బల్లల మీద పనిచేసి, ఆ వేలు గుడ్డతో నూనె రుద్దడానికే ఉందనుకున్నాను నేను. నా అంత గుడ్డివాడు ఇంకొకడు ఉండడు.

కొత్త అట్ట కోసి పెడితే గండం గడిచిపోతుందని నేనన్నాను. ఇల్లంతా వెతికి అగ్గిపెట్టె కూడా తెచ్చాను. వదిన తల అడ్డంగా ఊపింది.

"అట్ట పెట్టడం ఒక్కటే అయితే నువ్వైనా పెట్టేయొచ్చు. ఎండలకి పలచటిది, వానలకి మందంది. నెలకోసారి వేలు పెట్టి చూసి మారుస్తూ వచ్చాను. పిల్ల జట్టులోకి వెళ్తే ఎక్కడెక్కడో కాల్చాలి. అక్కడికి నేను, నా వేలు, అగ్గిపెట్టెలు వెంట వెళ్తామా? పరుపు కొత్తగా వేసేద్దాం. వానొచ్చినా ఎండొచ్చినా కదలకూడదు."

కొత్తగా వెయ్యాలంటే పాతది తొలవాలి. అన్న చెక్కిన చెక్కని, అన్న ఉలితోనే, రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి తీసేయాలి. నేను బల్లకి అడ్డంగా నిలబడ్డాను.

"ఆయన చెయ్యి పడ్డ చోట ఇంకొకరి ఉలి పడనివ్వను."

"ఇంకొకరెవరు మరిదిగారూ? నేనేగా."

"అయినా సరే!"

అంతవరకూ గుమ్మం దగ్గర నిలబడ్డ పిచ్చుక లోపలికి వచ్చింది. "నాన్నా, పెదనాన్న అది నాకిచ్చాడు. పెద్దమ్మా, నువ్వు చెయ్యి," అంది. నా కూతురికి అంత గొంతు ఉందని నాకు ఆ రోజే తెలిసింది. పక్కకి తప్పుకున్నాను.

మంగళవారం పొద్దున వదిన మొదలుపెట్టింది. ముందు దీపం మసిలో చుక్క నూనె కలిపి, ఉక్కు అడుగున పలచగా పూసింది. దాన్ని చెక్కలో దించి, అరచేత్తో మెల్లగా తట్టి, పైకెత్తింది. ఎక్కడెక్కడ ఉక్కు చెక్కని తాకుతోందో అక్కడ నల్ల చుక్కలు పడ్డాయి. నాకు చూపించింది. ముందు భాగంలో చుక్కలు నిండుగా, సమంగా, ఎంతో అందంగా ఉన్నాయి. వెనక ఒక్కటీ లేదు.

"ముందు పని చూడు, ఎంత బాగుందో. ఇలా చెక్కడం నాకు చేతకాదు," అంది.

తర్వాత ఉలి తీసుకుంది. నేను ఆవిడ ఉలి పట్టడం చూడటం అదే మొదలు. కొట్టడం లేదు, నెట్టడం లేదు. కుడి చెయ్యి నడిపిస్తోంది, ఎడమ చేతి బొటనవేలు ఆపుతోంది. చెక్క పొట్టు ఉల్లిపొర కన్నా పలచగా లేస్తోంది. గాడి అంచులు మాత్రం ముట్టుకోలేదు. పైనుంచి చూసేవాళ్ళకి అన్న గీసిన గీతే కనిపించాలట. లోపల తొలిచిన చోట అక్కడక్కడా సన్నటి చిల్లులు పెట్టింది, జిగురు వేళ్ళూనుకోవడానికి.

బల్ల కింద పొట్టు రాలుతోంటే నేను వంగి గుప్పెడు ఏరి చొక్కా జేబులో వేసుకున్నాను. ఆవిడ చూడలేదనుకున్నాను.

"మరిదిగారూ, జేబులో పొట్టు ఉంటే చొక్కా ఉతికేటప్పుడు మా తోడికోడలు నిన్నూ కలిపి ఉతుకుతుంది," అంది తలెత్తకుండా. కాసేపాగి, "అల్మారాలో చిన్న డబ్బా ఉంది. అందులో వెయ్యి," అంది.

నాకూ ఒక పని అప్పజెప్పింది. రెండు స్క్రూల చుట్టూ చెక్కలో దించడానికి అల్యూమినియం తొడుగులు రెండు కావాలి. స్క్రూ ఎంత బిగించినా చెక్క నలగకుండా ఆ తొడుగులే బరువు మోస్తాయి. ఉక్కు పనిలో నన్ను మించినవాడు లేడని చూపించాలనుకుని, లేతు మీద గంటలో రెండూ తయారుచేసి, మైక్రోమీటరుతో కొలిచి, గర్వంగా బల్ల మీద పెట్టాను. వదిన ఒకదాన్ని గాడిలో దించి, పైన వేలు రాసింది.

"ఇది పొట్టి."

"కొలిచే చేశాను!"

"మెషీను మీంచి తీయగానే, వేడి మీద కొలిచావు కదూ? చల్లారాక తగ్గింది. మా నాన్న పోతపనికి చెక్క అచ్చులు చేసేవాడు. కరిగించి పోసిన లోహం చల్లారితే ఎంత తగ్గుతుందో మా ఇంట్లో పాలు మరవని పిల్లలకి కూడా తెలుసు."

పళ్ళు నూరుకుంటూ మళ్ళీ కొలిచాను. నా గేజి లెక్కన మూడు గీతలు తక్కువ. ఇంకోటి చేశాను. ఈసారి అది చల్లారేదాకా బల్ల ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాను. పిచ్చుక అటు తిరిగి నవ్వుకుంటోంది. నవ్వుకోనీ, సోమవారం నుంచి అది నవ్వలేదు.

బుధవారం జిగురు. రెండు డబ్బాల ఎపాక్సీ అది, రెండూ సమపాళ్ళలో కలపాలి. కలిపాక అరగంటలో పని ముగియాలి. కాబట్టి ముందే అన్నీ సిద్ధం చేసింది. మా పనిలో అన్నిటికన్నా పెద్ద భయం ఒకటుంది. జిగురు ఉక్కుని కూడా చెక్కకి అంటించేస్తే రైఫిల్ ఇక జన్మలో ఊడిరాదు. అందుకని ఉక్కంతా మైనం పూసింది. ఆరాక మళ్ళీ పూసింది. స్క్రూ చిల్లుల్లో, ట్రిగ్గర్ గాడిలో పిల్లలు ఆడుకునే బంకమట్టి కూరింది. ఉక్కు అడుగున పన్నులా ఒక దిమ్మ ఉంటుంది. తూటా తన్నుని చెక్క మీద మోపేది అదే. దాని ముందు వైపు, పక్కలకి, అడుగున పలచటి టేపు అంటించింది. వెనక వైపు మాత్రం వదిలేసింది.

"వెనక ఒక్కటే ఆనాలి. నాలుగు వైపులా ఆనితే ప్రతిసారీ ఎటో ఒకవైపు ఒరుసుకుంటుంది," అంది పిచ్చుకతో. అది నోట్లో వేలేసుకున్న పిల్లలా వింటోంది. నేనూ వింటున్నాను గానీ తెలిసినవాడిలా ముఖం పెట్టాను.

"మూడోసారి మైనం పూశావా వదినా?"

"పూశాను."

"ట్రిగ్గర్ దగ్గర?"

"పూశాను మరిదీ."

"స్క్రూలకి?"

"నీ నోటికి కూడా పూయనా?"

జిగురులో ఇనుప రజను కలిపి, గాలి బుడగలు రాకుండా మెల్లగా తిప్పి, గాడిలో పోసింది. ఉక్కుని రెండు చేతులా పట్టుకుని, ఊయలలో పసిబిడ్డని పడుకోబెట్టినట్టు దించింది. నేను స్క్రూడ్రైవర్ తీశాను. చేతి మీద ఒక్కటేసింది.

"బిగిస్తే వంగుతుంది. వంగినది వంగినట్టే గట్టిపడుతుంది. దాని బరువుతో అదే కూర్చోవాలి."

సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు ముక్కలు రెండు చుట్టి, ఊరికే పట్టి ఉంచేంత మాత్రమే కట్టింది. అంచుల్లోంచి ఉబికిన జిగురుని పుల్లకి చుట్టిన దూదితో తుడిచింది. ఆ తర్వాత స్టూలు మీద కూర్చుంది.

పిచ్చుక టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. రెండు రోజులుగా అడగాలనుకుంటున్న మాట అప్పుడు అడిగాను.

"అన్నకి తెలీదు కదూ, అట్ట సంగతి?"

వదిన రబ్బరు ముక్కల వైపే చూస్తూ చెప్పింది. "ఎన్ని రైఫిళ్ళు విప్పి ఉంటాడు మీ అన్నయ్య? క్లబ్బులో ఎవరు తెచ్చినా ముందు స్క్రూలు విప్పేవాడు. దీనివి ఒక్కసారైనా విప్పడం చూశావా?"

ఆలోచించాను. చూడలేదు.

"దీనికి నూనె పట్టించాలంటే నా బల్ల మీద పెట్టి వీధిలోకి వెళ్ళిపోయేవాడు. పావుగంట పోయాక వచ్చి, 'అయిందా?' అనేవాడు. 'అయింది,' అనేదాన్ని. అంతే. ఇరవై ఏళ్ళు. అగ్గిపెట్టె ఖాళీ అయితే పారేసేవాడు కాదు. నా సొరుగులో పెట్టేవాడు."

అప్పుడు నేను నోరు మూసుకున్నాను. అన్న మీద గౌరవం రవ్వంత కూడా తగ్గలేదు నాకు. పెరిగింది. కానీ ఇన్నేళ్ళూ ఆ నాణెం కింద దాగిన ఐదు చిల్లుల గురించి ఊరంతా చాటినవాణ్ణి, అవి ఇద్దరి చేతుల పని అని ఒక్కసారి కూడా అనలేదు. కళ్ళు తుడుచుకుంటే వదిన చూస్తుందని లేతు తుడవడానికి వెళ్ళాను.

గురువారం సాయంత్రం విప్పాం. రబ్బర్లు తీసి, వదిన బ్యారెల్ పట్టుకుని మెల్లగా పైకి ఎత్తబోయింది. రాలేదు. ఇంకొంచెం గట్టిగా లాగింది. రాలేదు. పిచ్చుక నా చెయ్యి పట్టుకుంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. వదిన మాత్రం చెక్క సుత్తి తీసుకుని, చెక్క కొస కింద అరచెయ్యి పెట్టి, బ్యారెల్ మీద రెండు చోట్ల, తలుపు తట్టినట్టు తట్టింది. టక్కుమంది. ఉక్కు లేచి చేతిలోకి వచ్చింది.

గాడిలో నల్లటి పరుపు మెరుస్తోంది. ఉక్కు మీద నేను ఎన్నడో పొరపాటున గీసిన సన్నటి గీత కూడా అందులో అచ్చుపడింది. ఒక్క బుడగ లేదు. నేను డయల్ గేజి పట్టుకొచ్చాను. ఉక్కు మళ్ళీ దించి, స్క్రూలు బిగించి, వదులు చేసి చూశాను. సూది అర గీత కూడా కదల్లేదు. గేజి పాడైందేమోనని గోటితో తట్టి చూశాను.

"పాడవలేదులే," అంది వదిన, చెక్క కొస మీంచి వేలు తీస్తూ.

శనివారం రేంజిలో మొదటి ఐదు తూటాలకి పిచ్చుక లేచి నిలబడి, దుర్భిణిలోంచి కాగితం చూసి, నావైపు తిరిగి జేబులో చెయ్యి పెట్టమంది. పెట్టి నాణెం తీశాను. కాగితం తెచ్చాక దాని మీద పెట్టి చూశాం. నాణెం అంచు చుట్టూ ఇంకా తెల్ల కాగితమే ఉంది.

ఆదివారం వాన పడింది. చినుకులు కాదు, రేంజి రేకుల కప్పు మీద మాట వినపడనంత వాన. పాత రోజుల్లో ఇలాంటి వానకి చెక్క ఉబ్బి తూటాలు పైకి పోయేవట, వదిన ముందు రోజే చెప్పింది. ఈ రైఫిల్‌తో కాలుస్తుండగా ఆవిడ రేంజికి రావడం అదే మొదటిసారి. వెనక బెంచీ మీద కొంగు భుజం చుట్టూ కప్పుకుని కూర్చుంది. పిచ్చుక నలభై తూటాలు కాల్చింది. నేను గోళ్ళన్నీ కొరికేశాను. వదిన మధ్యలో ఒక్కసారి కూడా మార్కులు చూపించే తెరల వైపు చూడలేదు. పిల్ల భుజం, చెక్క, వాటి మధ్య చోటు, అదే చూస్తూ కూర్చుంది.

వాన కాస్త తెరిపిచ్చాక పేర్లు చదివారు. ముగ్గురిలో రెండో పేరు మా పిచ్చుకది.

అది పరుగెత్తుకొచ్చి ముందు వాళ్ళ పెద్దమ్మని కావిలించుకుంది. నన్ను తర్వాత. న్యాయమే. అప్పుడే కోచ్‌గారు వచ్చారు. పెద్ద మీసాలాయన, మా అన్నకి పాత స్నేహితుడు. పిచ్చుక చేతిలోంచి రైఫిల్ తీసుకుని, చెక్క మీద చెయ్యి రాశారు.

"ఇంత వానలో ఒక్క తూటా పక్కకి పోలేదు. మీ అన్నయ్య చెయ్యి అంటే చెయ్యే. పోయి రెండేళ్ళయినా పరుపు చెక్కుచెదరలేదు చూడండి."

వదిన ఎప్పటిలాగే తల వంచి, అవునన్నట్టు నవ్వబోయింది. నా చొక్కా చెయ్యి పట్టుకుని మెల్లగా లాగింది కూడా. ఊరుకో అని. రెండు దశాబ్దాలు ఆవిడ ఊరుకుంది. ఆయనా ఊరుకున్నాడు. వాళ్ళిద్దరి మధ్య సంగతి వాళ్ళది. కానీ నేను ఊరుకునే రకం కాదు కదా.

"ముందు చెక్కింది మా అన్న. అలా చెక్కేవాడు మళ్ళీ పుట్టడు," అన్నాను. "కానీ పరుపు మా వదినది! ఇప్పుడేసింది వదినే, ఇరవై రెండేళ్ళ నుంచీ కాపాడుకొచ్చింది కూడా వదినే! ఇన్నాళ్ళూ మీకు నేను చెప్పిందాంట్లో సగం తప్పు!"

నేను మామూలుగానే చెప్పాననుకున్నాను. రేంజి ఆ చివర కూర్చున్నవాళ్ళు కూడా లేచి చూశారట. కోచ్‌గారు ఒక అడుగు వెనక్కి వేసి, వదిన వైపు తిరిగారు. రైఫిల్‌ని రెండు చేతులా పట్టుకుని, నాకు కాదు, పిచ్చుకకి కాదు, ఆవిడకి అందించారు. "నా రైఫిల్ ఒకటుందమ్మా. ఒకసారి దాని పరుపు చూసి పెడతారా?" అని అడిగారు.

వదిన తలూపింది. రైఫిల్ ఒళ్ళో పెట్టుకుని, చెక్క కొస మీద వేలు ఆనించింది. కళ్ళలోంచి రెండు చుక్కలు అక్రోటు చెక్క మీద పడితే కొంగుతో వెంటనే తుడిచేసింది. చెక్కకి తడి తగలకూడదు కదా.

తర్వాత తలెత్తి నావైపు చూసింది. ముఖం ఎర్రగా ఉంది. కోపమో, నవ్వో నాకు తెలియలేదు.

"అయిందా?" అంది.

"అయింది," అన్నాను.